దడికోటలలోని తల్లులు

బొబ్బిలికోట కథ వినని తెలుగు స్త్రీ యుండదు. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బుస్సీదొర ఫిరంగులు ఆ కోటగోడలను బ్రద్దలు చేయుచుండగా లోపలి స్త్రీలును బిడ్డలును ఎట్లు ప్రాణములు గోల్పోయిరో మనము జంగముకథలలో విని కన్నీరు గార్చినవారమే. ఆ యేండ్లలోనే, ఆ ఫ్రెంచివారికిని వారి పగవారగు ఇంగ్లీషువారికిని భూగోళమునకు ఆవలిప్రక్కను కూడ ఘోరమైన పోరు జరుగుచుండెను. ఉత్తర అమెరికా యడవులలో, ఱాతికోటలు గాని మట్టికోటలు గాని కాక, మ్రాకుల నఱకి నిలువబెట్టిన దడికోటలలో వేలకొలది తల్లులు బిడ్డలతో తలదాచుకొనిరి. 1758 నవంబరులో అచ్చటి డ్యూకేన్ కోట ఇంగ్లీషువారి కైవసమైనది. ఆ మఱుసటి నెలలోనే మన గోదావరిసీమలోని చందుర్తికడ ఫ్రెంచివా రోడిపోయిరి. 1759 ఏప్రిలులో బందరుకోటయు పడిపోయెను. రెండు దొరతనముల జూదములో మన తీరమొక పందెము, వారి యడవి యొక పందెము.

మా యింటివారు పాఠశాలనుండి తెచ్చిన పటమును గోడకు దగిలించి ఈ కథను చెప్పిన రాత్రి మా యత్తగారు కూడ కూర్చుండి వినిరి. ఎవరు గెలిచిరని గాని, ఎవరు సేనాపతులని గాని యామె యడుగలేదు. "ఆ కోటలో నూయి యున్నదా?" అని యడిగిరి. పదిమందికి వండిపెట్టిన చేతులకు మొట్టమొదట తోచు ప్రశ్న యదియే. మా చిన్నమ్మాయి మాత్రము, "అమ్మా, వారిలో మంచివారెవరు?" అని యడిగినది. అత్తగారి ప్రశ్నకు జవాబు సులభముగనే దొరకినది. అమ్మాయి ప్రశ్నకు జవాబు వెదకుచు మేము చాలదినములు గడపితిమి. ఆ వెదకులాటయే ఈ వ్యాసము.

మొదట యుద్ధకారణమును దెలిసికొందము. అమెరికా తూర్పుతీరమున ఇంగ్లీషువారి వలసరాజ్యములు, ఉత్తరమున కెనడాలో ఫ్రెంచివారి రాజ్యము ఉండెను. ఈ రెంటి నడుమ, ఆల్లెగనీ కొండలకు పడమట, ఒహాయో నదీప్రాంతము కలదు. ఆల్లెగనీ, మొనాంగహేలా అను రెండేఱులు కలిసి ఒహాయోనది యగుచోట ఫ్రెంచివారు 1754లో డ్యూకేన్ కోటను గట్టిరి. ఆ సంవత్సరము మే 28వ తేదీన ఇరువదిరెండేండ్ల వయసుగల వర్జీనియా సేనానియొకడు ఫ్రెంచివారి చిన్నదండుపై బడి కాల్పులు జరిపెను. అతడే తరువాతి కాలమున అమెరికా దేశమునకు మొదటి యధ్యక్షుడైన జార్జి వాషింగ్టను. ఆ నిప్పురవ్వ పెరిగి 1763 వరకు మండినది. 1755 జూలై 9వ తేదీన డ్యూకేన్ కోటను బట్టుటకు బోయిన బ్రాడక్ సేనాపతి దారిలోనే యోడిపోయి, గాయపడి నాలుగుదినములకు మరణించెను. పదమూడువందలకు పైబడిన సేనలో సుమారు తొమ్మిదివందలమంది చచ్చినవారును గాయపడినవారును. మిగిలిన సేన వెనుకకు మరలగనే పెన్సిల్వేనియా, వర్జీనియాల పడమటిపొలిమేర కావలిలేని చేనైపోయెను.

ఆ పొలిమేరలో నివసించినవా రెవరు? ఐర్లండు ఉత్తరభాగమునుండియు జర్మనీదేశమునుండియు ఓడలలో వచ్చిన బీదకుటుంబములు. తీరమున భూమి ప్రియము, కొండలచెంత చౌక. అడవిగొట్టి, దుంగలతో నొంటిగది యిల్లు కట్టి, మొక్కజొన్న విత్తి, అవిసెనార వడికి బట్ట నేసికొని బ్రదుకువారు. ఇంటికి నింటికి మైలో, రెండుమైళ్ళో దూరము. బిడ్డ పుట్టినపుడు పిలుచుటకు పొరుగామెయైన దగ్గఱ లేని సంసారములవి.

కాని యా భూమి బీడుగా బడియున్న భూమి కాదు. అది లెనాపేలు, షానీలు మున్నగు మూలవాసులది. వారి స్త్రీలే యచ్చట మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుచుండిరి. ఆ భూమి చేతులు మాఱిన తీరు నొకదానిని చెప్పెదము. పెన్సిల్వేనియా స్థాపకుని కుమారులు, తమ తండ్రికాలపు పాతపత్రమొకటి కలదనియు, దానినిబట్టి మనుష్యుడు ఒకటిన్నర దినములో నడచునంత దూరము తమకు జెందవలెననియు లెనాపేలతో ననిరి. 1737 సెప్టెంబరులో ముందుగనే అడవిలో దారి చదును చేయించి, వడిగా నడువగల ముగ్గురిని గూలికి బెట్టి పంపిరి. ఇద్దరు నడుమనే యాగిపోయిరి. మూడవవాడు అఱువది మైళ్ళకు పైగా బోయెను. ఆ లెక్కతో సుమారు పండ్రెండులక్షల యెకరములు వారివైపోయెను. మన వామనుడును అడుగులతోనే భూమిని గొలిచెను. కాని బలిచక్రవర్తికి శుక్రాచార్యులు ముందుగనే హెచ్చరిక చేసిరి, దాత తెలిసియే ధారపోసెను. ఇచ్చటి దాతలకు హెచ్చరించిన గురువును లేడు, తెలిసి యిచ్చిన పుణ్యమును లేదు. ఇల్లు పోయినవారికి కోపముండెను. ఫ్రెంచివా రా కోపమునకు తుపాకులను మందును అందించిరి. బ్రాడక్కు ఓటమితో ఆ కోపమునకు ధైర్యమును కలిగెను.

1755 అక్టోబరు 16వ తేదీన పెన్సిల్వేనియాలోని పెన్స్ క్రీక్ అను వాగుచెంతనున్న జర్మను కుటుంబములపై లెనాపేలు పడిరి. పదునలుగురు చనిపోయిరి; పదునొకరు బందీలైరి. ఆ బందీలలో లీనింగరువారి యాడుపిల్లలు బార్బరా, రెజీనా యనువారును, మేరీ లెరాయి యను మఱొక బాలికయు నుండిరి. ఇట్టివార్తలు వచ్చినకొలది జనులు పండిన చేలను, పాలిచ్చు పశువులను విడిచి తూర్పుదిక్కునకు బరువెత్తసాగిరి. వర్జీనియాలో సరిహద్దు రక్షణభారము వాషింగ్టనుపై బడెను. మూడువందలయేబది మైళ్ళ పొలిమేరను కాపాడుటకు చాలినంత దండు లేదు. 1756 ఏప్రిలులో అతడు తన గవర్నరునకు వ్రాసిన లేఖలో, శరణుగోరుచు వచ్చిన స్త్రీల కన్నీరు చూడజాలకున్నాననియు, తన ప్రాణము నర్పించినచో వీరికి నెమ్మది కలుగునేని సంతోషముగ నర్పింతుననియు తెలిపెను.

అప్పుడు లేచినవి దడికోటలు. పెన్సిల్వేనియాలో నీలికొండల పొడవున డెలావేరు నదినుండి సస్క్వెహానా నదివరకు వరుసగా కోటలు కట్టిరి. వానిలో ఆలెన్‌కోటను గట్టించినవాడు, పిడుగులోని విద్యుత్తును బరిశోధించిన బెంజమిన్ ఫ్రాంక్లిను. 1756 జనవరిలో, ఏబదియేండ్లు నిండు దినములలో, వానలో దడియుచు నతడు స్వయముగ దండును నడిపి యా పని చేయించెను. కొలిచి గీత గీయగా చుట్టుకొలత 455 అడుగులు వచ్చెను. అడుగు లావుగల గుంజలు 455 కావలెను. ఒక్కొక్క దేవదారుమ్రాను నఱకి, పదునెనిమిదేసి యడుగుల మూడు గుంజలుగా గోసి, మొన చెక్కి, మూడడుగుల లోతు కందకములో ప్రక్కప్రక్కనే పాతిరి. ఇద్దరు మనుష్యులు పదునాలుగంగుళముల మ్రాను నాఱునిమిషములలో బడవేసిరని ఫ్రాంక్లిను గడియారము చూచి వ్రాసికొనెను. లోపల నాఱడుగుల యెత్తున పలకల యరుగు. దానిపై నిలిచి గుంజలసందులనుండి తుపాకి కాల్తురు. దినము విడిచి దినము వాన కురిసినను వారములో కోట ముగిసెను. పనిచేసిన దినమున మనుష్యులు సంతోషముగ నుండిరనియు, పనిలేని దినమున తిండి బాగులేదని, రొట్టె బాగులేదని తగవులాడిరనియు నతడు వ్రాసిన మాట మా యత్తగారికి మిక్కిలి నచ్చినది. ఆ కోటలో నూయియు నుండెను; నేటికిని ఆ నూయి యచ్చట నిలిచియున్నది.

అన్ని కోటలకు నట్టి భాగ్యము లేదు. చాలచోట్ల ఒక రైతు యింటిచుట్టును దడి కట్టుకొని, ఇరుగుపొరుగువారు పది పదునైదు కుటుంబములు అందు జేరెడివారు. ఊట దడివెలుపల నుండెనేని నీటికి బోవుటయే ప్రాణగండము. పాలు పితుకుటకు, గడ్డి కోయుటకు వెలుపలికి బోవలెనన్న నొకరు పనిచేయ నొకరు తుపాకితో గాచుచుండవలెను. లోపలనో ఊపిరాడని యిరుకు. పొగ, బురద, పశువులు, ఏడ్చు బిడ్డలు. ఒకనికి విరేచనములు పట్టిన నందఱికి బట్టును. స్త్రీలు సీసము కరిగించి తుపాకిగుండ్లు పోతపోసిరి, గాయములు కట్టిరి, చచ్చినవారి బట్టలు కుట్టి బ్రతికినవారికి దొడిగిరి. నెలలు నిండినవారు ఆ సందడిలోనే ప్రసవించిరి. యుద్ధచరిత్రలలో సేనాపతుల పేరులే యుండును. ఆ చీకటిగదులలో దీపము పట్టుకొన్న మంత్రసానుల పేరు లుండవు.

దడికోటయైన నమ్మదగినది కాదనుటకు మేరీ డ్రేపర్ ఇంగిల్స్ కథ సాక్ష్యము. ఆమె 1732లో బుట్టినది. వర్జీనియాలోని డ్రేపర్స్ మెడో అను పల్లెపై 1755 జూలైలో షానీలు పడి, ఆమె తల్లిని జంపి, ఆమెను, నాలుగేండ్ల థామసును, రెండేండ్ల జార్జిని పట్టుకొనిపోయిరి. ఒహాయోతీరమున బిడ్డల నామెనుండి వేఱు చేసిరి. ఆమెచేత ఉప్పు వండించిరి. ఫ్రెంచి వర్తకులు తెచ్చిన బట్టతో నామె చొక్కాలు కుట్టిపెట్టెననియు, ఆ సూదిపనివలన నామెకు మర్యాద కలిగెననియు తరువాత నామె కుమారుడు వ్రాసియుంచెను. ఒకదినమున నామె మఱియొక బందీయగు జర్మను వృద్ధురాలితో గూడి, అడవిపండ్లు ఏరుకొను నెపమున బయలుదేరి తిరిగిపోలేదు. ఇద్దరికిని ఈత రాదు. ఏఱడ్డము వచ్చినప్పుడెల్ల దాటుటకు వీలగు చోటువరకు దాని యొడ్డునబడి పైకి నడువవలెను, దాటి మరల క్రిందికి రావలెను. నలువదిదినములకు పైగా, వేళ్ళును చెట్టుబెరళ్ళును నమలుచు, ఐదాఱువందల మైళ్ళు నడచిరి. ఆకలికి మతి చలించి యా వృద్ధురాలు తన్ను జంపబోగా మేరీ తప్పించుకొని, దొరకిన చిన్నపడవలో నది దాటి, శీతకాలారంభమున మనుష్యులున్న చోటికి జేరినది. చేరినవెంటనే యా వృద్ధురాలిని వెదకి తెమ్మని మనుష్యులను పంపుడని వేడుకొన్నది. ఆమెయు బ్రతికినది.

పిమ్మట మేరీ కొంతకాలము వాసు కోటలో దలదాచుకొన్నది. అచ్చట నామెకు మనసు కుదురలేదు. పట్టుపట్టి భర్తతో తూర్పుదిక్కునకు తరలిపోయినది. 1756 జూన్‌లో ఫ్రెంచివారును షానీలును ఆ కోటను ముట్టడించి పడగొట్టిరి. లోపలివా రనేకులు చచ్చిరి, కొందఱు బందీలైరి.

పదుమూడేండ్లు గడచినవి. జార్జి యేనాడో చనిపోయెను. 1768లో థామసును విడిపించి తెచ్చిరి. నాలుగేండ్ల బిడ్డగా బోయినవాడు పదునేడేండ్ల షానీ యువకుడై వచ్చెను. తల్లి మాట యతనికి దెలియదు. అతని మాట తల్లికి దెలియదు. విల్లమ్ములు చేతబట్టుకొని యడవికి బోయి దినములకొలది రాకుండెడివాడట. కడుపున గన్నబిడ్డతో మాటలాడుటకు సైగలు చేయవలసివచ్చిన తల్లిని దలచుకొనుడు! ఆమె యెనుబదిమూడేండ్లు బ్రదికి 1815లో మరణించెను.

ఇంతవరకు దడిలోపలి కథ. ఇంక దడివెలుపలి కథను గూడ వినవలెను. 1756 ఏప్రిలులో పెన్సిల్వేనియా గవర్నరు లెనాపేలపై యుద్ధము ప్రకటించుచు వెల కట్టెను. పండ్రెండేండ్లకు మించిన మగవాని తలచర్మము దెచ్చినవారికి 130 వెండినాణెములు, ఆడుదాని తలచర్మమునకు 50. స్త్రీ ప్రాణమునకు వెల కట్టి గోడకు కాగితమంటించిన ప్రభుత్వమది. ఆ యేడు సెప్టెంబరు 8వ తేదీన ఇంగ్లీషుదండు కిట్టానింగ్ అను లెనాపే గ్రామమును దెల్లవాఱకమున్నే చుట్టుముట్టి యిండ్లు తగులబెట్టినది. పదునొక్కరు తెల్లబందీలు దొరకిరి. కాని యా యిండ్లలోను తల్లులును బిడ్డలును ఉండిరి. 1763లో రెండవసారి యుద్ధము లేచినపుడు, డ్యూకేన్ స్థానమున కట్టిన పిట్ కోటలో నైదువందలకు పైబడి జనులు చిక్కుకొనిరి. అందు నూఱుగురు స్త్రీలు, అంతకు మించి బిడ్డలు. లోపల మశూచికము ప్రబలినది. జూన్ 24వ తేదీన రాయబారమునకు వచ్చిన లెనాపేలకు కోటలోనివారు మశూచిరోగుల దుప్పట్లు రెండును చేతిరుమాలొకటియు కానుకగా నిచ్చిరి. అది వారే తమ లెక్కపుస్తకములలో వ్రాసికొన్న మాట. ఆ డిసెంబరులో కొనెస్టోగా గ్రామమునందు తెల్లవారితో జిరకాలము స్నేహముగ బ్రదికిన ఇరువదిమంది మూలవాసులను, పొలిమేర మూకలు రెండు తడవలుగా వధించెను. వారిలో చంటిబిడ్డలును ఉండిరి. ఫ్రాంక్లిను దానిని ఖండించుచు నొక చిన్నపుస్తకమునే యచ్చువేయించెను. దోషులలో నొక్కనికిని శిక్ష పడలేదు.

ఇట్లు ఒకరి తరువాత నొకరిని లెక్కించుచు బోయిన మా యమ్మాయి ప్రశ్నకు జవాబు దొరకదు. కాని మేరీ జెమిసన్ అను నామె బ్రదుకు చదివినపుడు మాకు కొంత వెలుగు తోచినది.

ఈమె 1743లో, తలిదండ్రులు ఐర్లండునుండి వచ్చుచుండగా నోడలోనే బుట్టినది. 1758 వసంతకాలమున ఫ్రెంచివారును షానీలును కూడి ఆమెను, ఆమె తలిదండ్రులను, ఇంటివారిలో మఱికొందఱిని పట్టుకొనిపోయిరి. ఒక సాయంకాలమున వారు మేరీ కాళ్ళకున్న జోళ్ళు విప్పి తమ తోలుజోళ్ళు తొడిగిరి. ఆ జోళ్ళు చూచినంతనే తల్లికి సర్వము తెలిసిపోయెను. ఈ బిడ్డను బ్రదుకనిత్తురు, తక్కినవారిని బ్రదుకనీయరు. అప్పుడామె కూతునకు తన పేరు మఱవవలదనియు, తలిదండ్రుల పేరు మఱవవలదనియు, తమ భాషను, ప్రార్థనను మఱవవలదనియు బోధించి సాగనంపెను. ఆ రాత్రియే తలిదండ్రులును తక్కినవారును హతులైరి.

డ్యూకేన్ కోటకడ మేరీని సెనెకా జాతివారగు నిద్దరు అక్కచెల్లెండ్రకు నొప్పగించిరి. వారి సోదరు డొకడు యుద్ధములో జనిపోయెను. చనిపోయినవాని స్థానమున బందీని దెచ్చి బంధువుగ నిలుపుకొనుట వారి యాచారము. ఆ యిద్దరు మేరీ చిరుగుబట్టలను ఏటిలో బాఱవేసి, నీళ్ళుపోసి, క్రొత్తబట్ట గట్టి గుడిసెలో గూర్చుండబెట్టిరి. ఊరిస్త్రీలందఱు వచ్చి చనిపోయినవానికై బిగ్గఱగా నేడ్చిరి. ఏడ్చి యేడ్చి, తుదకు కన్నీరు తుడిచికొని, క్రొత్త చెల్లెలు వచ్చెనని సంతోషించిరి. తన్ను వారెన్నడును కన్నచెల్లెలికంటె తక్కువగా జూడలేదని మేరీ ముదిమిలో చెప్పినది. ఆమె లెనాపే యువకుని బెండ్లాడి, అతడు చనిపోగా సెనెకా వీరుడొకని బెండ్లాడి, బిడ్డలను గన్నది. విడుదల చేయుదుమన్నను మరలి పోలేదు. తన బిడ్డలను తెల్లబంధువులు నీచముగ జూతురేమో యని యామె భయము. 1823లో నామె చెప్పగా నొకరు వ్రాసికొని మఱుసటియేట నచ్చువేయించిరి. తల్లి మాట ప్రకారము తన పేరును భాషను మఱవలేదు; 1833లో, తొంబదియేండ్ల వయసున, తన క్రొత్తజనుల నడుమనే కన్నుమూసెను.

దేవకి కన్నది, యశోద పెంచినది. భాగవతము చదువునపుడు మన మెవరిపక్షము వహింతుము? ఇద్దరికొఱకును ఏడ్తుము. 1764 నవంబరులో అట్టి దృశ్యమే జరిగినది. బూకే యను సేనాపతి పదునైదువందల దండుతో మస్కింగమ్ నదీతీరమునకు బోయి, బందీల నందఱి నప్పగింపుడని లెనాపేలను, షానీలను నిర్బంధించెను. ఇన్నూఱుగురకు పైగా అప్పగింపబడిరి. భార్యను వెదకుకొనుచు భర్తలు, బిడ్డలను వెదకుకొనుచు తండ్రులు దండువెంట వచ్చియుండిరి. దొరకినవారి సంతోషమునకు మేర లేదు. కాని పెంచినతల్లులు బిడ్డల నప్పగించుచు కన్నీరు మున్నీరుగ నేడ్చిరి; దారిలో తినుటకు మొక్కజొన్నయు, కప్పుకొనుటకు తోళ్ళును తెచ్చియిచ్చిరి; కొందఱు దినములకొలది దండువెంట నడచివచ్చిరి. విడిచిపోజాలని బందీలను కట్టి తేవలసివచ్చెను. కొందఱు స్త్రీలు దారిలో దప్పించుకొని మరల పెంచినవారి కడకే పరువెత్తిరి. ఇది ఇంగ్లీషుపక్షమువారే 1765లో వ్రాసి యచ్చువేసిన వృత్తాంతము.

ఆ బందీలను కార్లయిల్ పట్టణమునకు దెచ్చినపుడు జరిగినదని పెన్సిల్వేనియా జర్మనులు నేటికిని చెప్పుకొను కథ యొకటి కలదు. బిడ్డను బోగొట్టుకొన్న తల్లి యొకతె వరుసలో నిలిచిన యువతుల ముఖములు చూచుచు బోయినది. తొమ్మిదేండ్లలో మాఱిపోయిన ముఖమును బోల్చుకొనలేకపోయినది. చిన్నతనమున నేమైన చేసెడిదానవా యని బూకే యడుగగా, రాత్రులందు జోకొట్టుచు భక్తిపాట పాడెడిదాననని చెప్పినది. పాడుమనెను. ఆమె పాడగనే వరుసలోనుండి యొక బాలిక ముందునకు వచ్చి ఆ పాటను గలిసి పాడుచు తల్లి మెడను గౌగిలించుకొన్నది. పెన్స్ క్రీక్‌నాడు పట్టుబడిన రెజీనాయే యా బాలిక యందురు. ఆమె యక్క బార్బరాయు, మేరీ లెరాయియు అంతకు మునుపే, 1759లో తప్పించుకొని పిట్ కోటకు జేరి, తమ కథను అచ్చువేయించి యుండిరి.

యుద్ధము ముగిసినపిదప 1763 అక్టోబరు 7వ తేదీన ఇంగ్లండు రాజు, కొండలకు పడమట తెల్లవారు కాపురములు పెట్టరాదని శాసించెను. ఆ శాసనము నెవరును బాటింపలేదు. దడికోటలు మరల పడమటికి, మఱింత పడమటికి జరుగుచునే పోయెను. లెనాపేల సంతతివా రిప్పుడు తమ యేటియొడ్డులకు వందలకొలది మైళ్ళ దూరమున, ఓక్లహోమాలోను కెనడాలోను ఉన్నారు.

మా యమ్మాయికి మేమిట్లు చెప్పితిమి: "తల్లీ, ఈ కథలో మంచిపక్షమొకటి, చెడుపక్షమొకటి లేవు. పరుల యిల్లు మోసముతో దీసికొన్నవా డొకడు. ఆ నేలపైన తెలియక పొయ్యి పెట్టుకొన్న బీదరాలు వేఱొకతె. ఇల్లు పోయి కడుపుమంటతో వచ్చినవాడు మఱియొకడు. మొదటివాడు తీరపట్టణములో నెమ్మదిగా నిద్రించెను. తక్కిన యిద్దరును దడికి అటునిటు నిలిచి ఒకరినొకరు చంపుకొనిరి." అది విని మా యత్తగారు తల పంకించి, "అవును, పొలముతగవులలో ఎప్పుడును అంతే," యనిరి.

సోదరీమణులారా! బిడ్డలకు యుద్ధకథలు చెప్పునపుడు కోట పేరును, సేనాపతి పేరును, తేదీని చెప్పుదుము. చెప్పవలసినదే. దానితోపాటు ఆ కోట లేచినచోట మునుపెవరి చేను పండుచుండెనో కూడ చెప్పుదము. అట్లు విన్న బిడ్డలు పెద్దవారై భూములు కొలుచు పనులలో నుండునపుడు, ఒకటిన్నర దినపు నడకను దలచుకొని యొక్కరైన చేయి వెనుకకు దీసికొందురేమో.